తడి వెదురు మీద 12 టన్నులు

అందరికీ నమస్కారం. జపాన్‌లోని క్యోటో నగరంలో జరిగే గియోన్ పండుగ గురించి చెప్పమన్నారు. జూలై నెలంతా జరిగే పండుగ అది. మొత్తం చెప్పుకుంటూ పోతే మీకు భోజనాల వేళ దాటిపోతుంది. అందుకని 17వ తేదీ పొద్దున నేను నిలబడ్డ ఒక కూడలి గురించే చెప్తాను.

ఆ రోజు 23 రథాలు ఊరేగుతాయి. పెద్దవాటిని ‘హొకొ’ అంటారు. వాటిలో బాగా బరువైనవి దాదాపు 12 టన్నులు. చట్రాన్ని ఒక్క మేకు కొట్టకుండా గడ్డితాళ్లతోనే బిగిస్తారు. చిక్కల్లా చక్రాలతోనే. మనిషెత్తు చక్రాలు, ముందుకి దొర్లడమే తప్ప పక్కకి తిరగవు. షిజో, కవారామాచి వీధులు కలిసేచోటేమో రథం తొంభై డిగ్రీల మలుపు తిరగాలి.

చీల్చిన పచ్చివెదురు బద్దలు తెచ్చి చక్రాల కింద పరిచారు. వాటిమీద నీళ్లు పోశారు. మోకులు లాగేవాళ్లు పక్కకి వచ్చి నిలబడ్డారు. రథం మీంచి విసనకర్రలు ఊపుతూ కేక పెట్టారు, ఒక్కసారిగా లాగారు. వెదురు కిర్రుమంది. అంత బరువూ అడ్డంగా జారి ఆగింది. పైన వాయిద్యాలవాళ్లు ఊగిపోతున్నారు, నాకు కింద టెన్షన్. మళ్లీ వెదురు సర్దారు, మళ్లీ నీళ్లు. మూడు నాలుగు లాగుళ్లకి గానీ మలుపు పూర్తి కాలేదు.

869లో అంటురోగాలు పోవాలని 66 ఈటెలు నిలిపి చేసిన పూజ ఈ పండుగకి మొదలు. అలాంటిది 2020, 2021లో అంటురోగం వల్లే ఊరేగింపు ఆగిపోయింది! అన్నట్టు, అన్నిటికంటే ముందు నడిచే రథం మీదికి ఇప్పటికీ ఆడవాళ్లని ఎక్కనివ్వరు. అది మాత్రం నాకు మింగుడుపడలేదు.

రథం తిరిగినప్పుడు దాని పక్కభాగం మావైపు వచ్చింది. అక్కడ వేలాడేవి తివాచీలు. ముందురోజు రాత్రి అలాంటిదాన్నే ఒక పేటలో దగ్గరగా చూశాను. పండుగ ముందు రాత్రుళ్లు రథాల అలంకారాలు అందరికీ చూపిస్తారు. అంచులు అరిగాయి, ఎరుపు ఇటుక రంగుకి దిగింది. ఈ రథాల తివాచీల్లో కొన్ని 17, 18 శతాబ్దాల్లో మన దక్కన్‌లో నేసినవనీ, డచ్చివాళ్ల ఓడల్లో జపాన్ చేరాయనీ పరిశోధకులు గుర్తించారు. ఆ డచ్చివాళ్లకి 1605 నుంచే మచిలీపట్నంలో వర్తక స్థావరం ఉండేది.

అక్కడ కాపలా కూర్చున్న పెద్దాయన తివాచీని చూపించి ‘ఇందో’ అన్నాడు. ఇండియా అని. తర్వాత నన్ను చూపించి, ‘ఇందో?’ అని అడిగాడు.