గ్రూప్స్ కంటే ముందు రింగ్స్: ఈ ఆల్జీబ్రా బుక్ కొనొచ్చా?

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. ముందే చెప్పేస్తున్నా, ఈ బుక్ పబ్లిషర్ వాళ్ళు ఫ్రీగా పంపారు, డబ్బులేం తీసుకోలేదు, వీడియో వాళ్ళకి ముందుగా చూపించలేదు కూడా. ఎన్ని పేజీలు, ఏ చాప్టర్లో ఏముంది అవన్నీ ఈపాటికి చూసేసి ఉంటారు, నేను వాటి జోలికి పోను.

నన్ను పట్టేసింది దీని వరస. మా డిగ్రీలో సమూహాలతో, అంటే కూడిక లాంటి ఒక్క క్రియే ఉండే గ్రూప్స్‌తో మొదలు, ఉపసమూహాలు, లగ్రాంజ్ సిద్ధాంతం, ఎప్పటికో వలయాలు, అంటే రింగ్స్. జిరాక్స్ షాపు నోట్స్ బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నా గానీ కోసెట్, అంటే ఉపసమూహాన్ని పక్కకి జరిపితే వచ్చే గుంపు, ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పలేదు. తర్వాత డబ్బు కట్టి తీసుకున్న వీడియో కోర్సూ అంతే, త్రిభుజాన్ని తిప్పుతూ మొదలెట్టి పది వీడియోల దాకా అక్కడే. ఈ బుక్ మాత్రం చిన్నప్పట్నుంచీ మన చేతిలో ఉన్న పూర్ణాంకాలతో మొదలవుతుంది. కూడిక, తీసివేత, గుణకారం ఉన్నాయి, భాగహారం మాత్రం ప్రతిసారీ కుదరదు, అలాంటిది రింగ్. సున్నాతో తప్ప అన్నిటితో భాగహారం కూడా కుదిరితే ఫీల్డ్. గడియారం లెక్కలో 3 ని 4 తో గుణిస్తే 12, అంటే సున్నా, రెండూ సున్నా కాకపోయినా! అదే వారాల లెక్కలో 3 ఇంటూ 5 పదిహేను, రెండు వారాలు తీసేస్తే 1, అంటే 3 కి విలోమం 5. ఏడు ప్రైమ్ కాబట్టి 1 నుంచి 6 దాకా అన్నిటికీ విలోమం దొరుకుతుంది, అది ఫీల్డ్.

ఇక నేను మూడుసార్లు చదివిన చాప్టర్. పూర్ణాంకాలకి రూట్ మైనస్ 5 ని కలిపారు. అక్కడ 6 అంటే 2 ఇంటూ 3, మళ్ళీ అదే 6, (1 ప్లస్ రూట్ మైనస్ 5) ఇంటూ (1 మైనస్ రూట్ మైనస్ 5). వీటిని ఇంకా విడగొట్టలేమా అంటే, నార్మ్ చూడాలి, ఎ ప్లస్ బి రూట్ మైనస్ 5 అనే సంఖ్యకి అది ఎ స్క్వేర్ ప్లస్ 5 బి స్క్వేర్, సంఖ్యలు గుణిస్తే వాటి నార్మ్‌లూ గుణించుకుంటాయి. 2 కి 4, 3 కి 9, మిగతా రెండిటికీ 6. విడిపోవాలంటే నార్మ్ 2 గానీ 3 గానీ ఉన్న సంఖ్య కావాలి, ఎ, బి లకి ఏం పెట్టినా అవి రావు. అంటే ఒకే సంఖ్యకి రెండు రకాల కారణాంకాలు! నేను పెన్ను పక్కన పెట్టేసి కూర్చున్నా.

1847లో పారిస్ అకాడమీలో లామే అనే గణితవేత్త, ఎక్స్, వై, జెడ్ ధన పూర్ణాంకాలైతే ఎక్స్ పవర్ ఎన్ ప్లస్ వై పవర్ ఎన్ ఈక్వల్స్ జెడ్ పవర్ ఎన్ అనేది ఎన్ 2 దాటితే కుదరదనే ఫెర్మా చివరి సిద్ధాంతం రుజువైందని ప్రకటించి దెబ్బతిన్నది ఇలాంటి చోటే, కారణాంకాలు ఒకే రకంగా వస్తాయనుకున్నాడు, కుమర్ అనే మరో గణితవేత్త అప్పటికే 1844లో అలా రావని చూపించేశాడు. కుమర్ ఆలోచననే 1871లో డెడెకిండ్ ఐడియల్‌గా మలిచాడు, అంటే లోపలివి కూడినా, రింగ్‌లోని దేనితో గుణించినా బయటికి పోని సంఖ్యల గుంపు. ఇక్కడ ఇంకా విడిపోని ఐడియల్స్, అంటే ప్రైమ్ ఐడియల్స్, నాలుగు ఉన్నాయనుకోండి, పి రెండుసార్లు, క్యూ, ఆర్. గుణకారంలో పి పి కలిస్తే 2, క్యూ ఆర్ కలిస్తే 3. జతలు మార్చి పి క్యూ, పి ఆర్ కలపండి, ఆ రెండో జంట వచ్చేస్తుంది. మనుషులు వాళ్ళే, జతలే మారాయి. ఐడియల్ డెఫినిషన్ ఎందుకుందో నాకు ఇన్నేళ్ళకి ఇక్కడ తెలిసింది.

కోపం తెప్పించింది ఫీల్డ్స్ భాగం. 60 డిగ్రీల కోణాన్ని స్కేలు, వృత్తలేఖినితో మూడు భాగాలు చెయ్యలేమని 1837లో వాంట్‌జెల్ అనే గణితవేత్త నిరూపించాడు, 20 డిగ్రీల కొసైన్‌ని తేల్చే 8 ఎక్స్ క్యూబ్ మైనస్ 6 ఎక్స్ మైనస్ 1 కి డిగ్రీ, అంటే అతి పెద్ద ఘాతం, 3, స్కేలూ వృత్తలేఖినీ ఇచ్చే డిగ్రీలు 2, 4, 8 ఇలాగే పోతాయి, అంత అందమైన సంగతిని రెండు పేజీల్లో ముగించేశారండీ! పైగా అక్కడి ఎక్సర్‌సైజులకి ఒక్క హింట్ కూడా లేదు, సొంతంగా చదువుకునేవాళ్ళు ఏం చెయ్యాలి?

అయినా కొనమనే చెప్తా, ఆ ఒక్క చాప్టర్ కోసమైనా. రేపు పరీక్ష ఉన్నవాళ్ళు మాత్రం ఆగండి, సిలబస్ వరస వేరు. కొనే ముందు ఒకటి చేసి చూడండి, అదే రింగ్‌లో 9 అంటే 3 ఇంటూ 3, ఇంకా (2 ప్లస్ రూట్ మైనస్ 5) ఇంటూ (2 మైనస్ రూట్ మైనస్ 5). ఈసారి క్యూ, ఆర్ ఎలా జత కట్టాయో కామెంట్లో పెట్టండి, నేను ఒక్కోటీ చదువుతా.