ఓడిపోవడం వచ్చిన హీరో కావాలి

అందరికీ నమస్కారం.

ప్రొఫెషనల్ రెజ్లింగ్ మీద సినిమా అనగానే హీరో కోసం వెతుకులాట జిమ్ దగ్గర మొదలై జిమ్ దగ్గరే ఆగిపోతుంది. ఛాతీ ఎంత, కండలు ఎంత, సిక్స్ ప్యాక్ ఎన్ని నెలల్లో వస్తుంది అని లెక్కలేస్తారు. నేను అడగమనేది వేరే ప్రశ్న. ఆ నటుడు ఎలా పడతాడు? పడ్డాక ఎలా లేస్తాడు?

మాట్లాడుకోవడానికి ఒక సినిమా ఊహించుకుందాం. కథానాయకుడు జాబర్, అంటే ఓడిపోవడమే ఉద్యోగమైన రెజ్లర్. కొత్తగా వచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఓడి, వాణ్ని జనం ముందు మొనగాడిగా నిలబెట్టడమే ఇరవై ఏళ్లుగా అతని పని. ఈ పాత్రకు నేనైతే కొత్త ముఖాన్ని తీసుకోను. సినిమా తర్వాత సినిమాలో క్లైమాక్స్ గెలిచిన పెద్ద స్టార్‌నే తీసుకుంటాను. అతను కింద పడ్డ ప్రతిసారీ ‘ఇప్పుడు లేస్తాడు చూడు’ అని హాలంతా కాచుకుని ఉంటుంది. లేవడు. ఆ ఉత్కంఠను ఏ డైలాగూ తేలేదు. అది ఆ స్టార్ వెంట వచ్చే పేరులోనే ఉంది.

అయితే ఇదే స్టార్‌తో పెద్ద చిక్కు కూడా ఉంది. అతనికి అలవాటైన సినిమా ఫైట్‌లో దెబ్బ తగలకుండా పక్కనుంచి పోతుంది, కెమెరా కోణం ఆ ఖాళీని దాచేస్తుంది. రెజ్లింగ్‌లో జనం నాలుగు వైపులా కూర్చుంటారు కాబట్టి దాచడానికి కోణమే లేదు. గెలుపు ఓటములు ముందే అనుకున్నవే, పడటం మాత్రం నిజం. పైగా అందులో ఎక్కువ పని ఓడిపోయేవాడిదే. బాడీ స్లామ్ చూడండి. వంద కిలోల మనిషిని అవతలివాడు అమాంతం ఎత్తినట్టు కనిపిస్తుంది. నిజానికి లేచేవాడే సరైన క్షణంలో కాళ్లతో ఎగిరి, ఎత్తేవాడి తొడ మీద చెయ్యి ఆనించి, తన బరువు కొంత తనే మోసుకుంటాడు. ఆ ఎగరడం అర సెకను ఆలస్యమైతే ఎత్తేవాడి నడుం పట్టేస్తుంది, లేదా ఇద్దరూ కూలబడతారు.

రింగ్ పద్దెనిమిది నుంచి ఇరవై అడుగుల చదరం. ఉక్కు చట్రం, పైన చెక్క పలకలు, వాటి మీద పలచటి ఫోమ్, ఆ పైన కాన్వాస్. టీవీలో పరుపులా ఊగుతుంది గానీ, వీపు కింద మాత్రం చెక్కే.

అందుకే మొదటి పాఠం బంప్, అంటే వెల్లకిలా పడటం. గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లడంతో మొదలుపెట్టాలి. తర్వాత సగం వంగి, ఆఖరికి నిలబడి. గడ్డం ఛాతీకి ఆనించి ఉంచాలి. వీపు పైభాగమంతా ఒక్కసారే నేలను తాకాలి. అదే క్షణంలో రెండు చేతులూ శరీరానికి ఏటవాలుగా చాచి, అరచేతులతో మ్యాట్‌ను గట్టిగా చరచాలి. ఊపిరి బయటికి వదిలేయాలి, బిగబట్టకూడదు. గడ్డం లేస్తే తల వెనక్కి కొట్టుకుంటుంది. భయపడి చెయ్యి వెనక్కి పెడితే మణికట్టో మోచెయ్యో పోతుంది. పిరుదుల మీద పడితే తోక ఎముకకు దెబ్బ. సరిగ్గా పడ్డవాడి శబ్దం కూడా వేరుగా ఉంటుంది, ‘థప్’ అని ఒక్కటే వినిపిస్తుంది. రెండు శబ్దాలు వినిపించాయంటే ఏదో ముందు తగిలిందని అర్థం. మొదటి వారం రోజుకు ఇరవై బంపులు దాటనివ్వకండి. ఎంత ఉత్సాహంగా ఉన్నా సరే, అలసిన మెడ గడ్డాన్ని పట్టి ఉంచలేదు.

తాళ్ల మీదికి పరిగెత్తడం చూడ్డానికి తేలిక, నేర్చుకోవడానికి మొండి. ఈ చివర నుంచి ఆ చివరకు మూడంగలు. వీపుతో, చంక కిందుగా తాడును తాకుతూ, పై తాడును చేత్తో పట్టుకోవాలి. తాడు తెగినా బయటపడకుండా ఆ పట్టే కాపాడుతుంది. మొదటి రోజుల్లో పక్కటెముకల మీద కమిలిన చారలు తేలతాయి.

పెద్ద స్టార్‌ని ఆడిషన్‌కు రమ్మంటే రారు. రెండు గంటల వర్క్‌షాప్ అనండి. ముందుకు, వెనక్కి దొర్లించండి. మెడా మోచెయ్యీ పట్టుకునే లాకప్ చేయించండి. తర్వాత అతని మోకాలికి దెబ్బ తగిలిందనుకోమని చెప్పి పది నిమిషాలు వేరే పట్లు నేర్పండి. ఆఖర్న నీళ్ల సీసా కోసం ఎలా నడిచి వెళ్తాడో చూడండి. కుంటుతూ వెళ్తే మీ హీరో దొరికినట్టే. మామూలుగా నడిచాడంటే అతనికి దెబ్బ నటించడం వచ్చు గానీ, నొప్పిని మోయడం రాదు. రెజ్లర్లు ‘సెల్లింగ్’ అనేది ఆ మోయడాన్నే. బాక్సింగ్ నేర్చుకున్న నటులకు ఇది మరీ కష్టం. అక్కడ దెబ్బ తగిలితే తగలనట్టు నిలబడాలని నేర్పుతారు, ఇక్కడ చివరి వరుసలో ఉన్నవాడికి కూడా తెలిసేలా చూపించాలి. 2008లో వచ్చిన ‘ది రెజ్లర్’లో నటించిన మిక్కీ రూర్క్ అంతకుముందు ప్రొఫెషనల్ బాక్సరే. ఆ అలవాటును అతను ఎంతగా విడిచిపెట్టాడో చూడాలంటే, దెబ్బ తిన్నాక అతని భుజాలను గమనించండి.

సంతకానికి ముందే మెడ, వెన్ను, మోకాళ్లతో పాటు ఎడమ భుజం ప్రత్యేకంగా పరీక్ష చేయించాలి. అమెరికన్ పద్ధతిలో తలను చంకలో బిగించే హెడ్‌లాకైనా, చెయ్యి మెలితిప్పినా ఎడమవైపే. మెక్సికోలో లూచా అనే కుస్తీ పద్ధతిలో కుడివైపు. మీ హీరోకి ఎడమ భుజం పాతగాయమైతే శిక్షకుడికి మొదటి రోజే తెలియాలి. శిక్షణకు కనీసం పన్నెండు వారాల కాల్‌షీట్లు అడగండి. ఎదురు ఆడేవాడు నటుడు కాకూడదు, అనుభవమున్న రెజ్లరే కావాలి. హీరో తప్పటడుగు వేసినప్పుడు అతన్ని కాపాడేది ఆ చేతులే. హెడ్‌లాక్‌లో చెవి దగ్గర తర్వాతి పట్టు చెప్పేదీ ఆ రెజ్లరే. 2023 నాటి రెజ్లింగ్ సినిమా ‘ది ఐరన్ క్లా’కి కుస్తీ పని చూసింది చావో గెరెరో జూనియర్, ఆ వృత్తిలోనే పుట్టి పెరిగిన మనిషి. పై తాడు మీంచి దూకడాలు, మనిషిని తలకిందులుగా పట్టి నేలకు దించే పైల్‌డ్రైవర్ డూప్‌కే వదిలేయండి. ఇందులో బేరం వద్దు.

షెడ్యూల్లో అందరూ మర్చిపోయేది చాప్. చాచిన చేత్తో ఛాతీ మీద కొట్టే ఆ దెబ్బ నిజంగానే తగులుతుంది, చర్మం ఎర్రగా కందిపోతుంది, చెమట పట్టిన ఒంటి మీద మేకప్ దాన్ని కప్పలేదు. కాబట్టి రింగ్‌లోకి నడిచొచ్చే షాట్లు, ఆట మొదట్లోని క్లోజప్‌లు ముందే తీసేయాలి. చాప్‌లు ఆ రోజు చివర్లో. మర్నాడు చొక్కా లేని సీన్ పెట్టకండి. ఇంకొకటి, ఒళ్లు చెక్కినట్టు కనపడాలని షాట్‌కు ముందు నీళ్లు మాన్పించే అలవాటు ఉంది. బంపులున్న రోజు అది ప్రమాదం. కండరం పట్టేస్తుంది, తల తిరుగుతుంది, గడ్డం లేస్తుంది. జాబర్ పాత్రకు ఆ చెక్కిన ఒళ్లు అక్కర్లేదు కూడా.

చివరి పట్టు సంగతి. రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా ఓడిపోయేవాడి రెండు భుజాలూ మ్యాట్‌కు ఆని ఉండాలి. గెలవడం అలవాటైన ఒళ్లు ‘రెండు’ దగ్గర తెలియకుండానే భుజం ఎగరేస్తుంది. వర్క్‌షాప్‌లోనే వరుసగా పదిసార్లు పడుకోబెట్టి లెక్కపెట్టించండి. కళ్లు మూసుకోనివ్వకండి. ఓడిపోవడాన్ని రెజ్లర్లు ‘దీపాలు లెక్కపెట్టడం’ అంటారు, పడుకున్నవాడికి కనిపించేది పైనున్న లైట్లే కాబట్టి. కెమెరాను ఆ లైట్ల మధ్య, సరిగ్గా అతని చూపుకు ఎదురుగా కట్టండి.