పేగులో మొదలై మాట దాకా: మెంతి మొలకల కథ

హోస్ట్: నమస్కారం. విరేచనాలతో ఆస్పత్రిలో చేరిన మనిషికి వారం తర్వాత మాట తడబడితే ఎలా ఉంటుంది? 2011 మే, జూన్ నెలల్లో ఉత్తర జర్మనీలో చాలామందికి ఇదే జరిగింది. ఆ సంగతి చెప్పడానికి న్యూరాలజీ డాక్టరు గారు వచ్చారు. మేడమ్, అసలు వాళ్లు తిన్నదేమిటి?

డాక్టర్: మెంతి మొలకలండీ.

హోస్ట్: మన మెంతులా!

డాక్టర్: మన పోపుల డబ్బాలో ఉండేవే. మనం వేయిస్తాం, పులుసులో మరిగిస్తాం. అక్కడ మొలకెత్తించి సలాడ్ మీద పచ్చిగా వేశారు. గింజలు ఈజిప్టు నుంచి వచ్చాయని తేల్చారు. మొలక రావడానికి తడి, వెచ్చదనం కావాలి కదా, బ్యాక్టీరియాకీ అవే కావాలి.

హోస్ట్: మొదట దోసకాయలన్నారట?

డాక్టర్: స్పెయిన్ దోసకాయలన్నారు. పాపం, ఏ తప్పూ లేని రైతులు పంట పారబోసుకున్నారు. మొలకలు తిన్నామని చాలామంది రోగులకే గుర్తులేదు మరి. పెళ్లి భోజనంలో ఏం తిన్నావంటే పప్పు, కూర అంటాం గానీ పైన చల్లిన కొత్తిమీర పేరు చెప్తామా? చివరికి ఒక రెస్టారెంట్‌లో ఎవరెవరు ఏ వంటకం తిన్నారో, వంటవాళ్లు అందులో ఏమేం వేశారో ఆరా తీస్తే గుట్టు బయటపడింది. అప్పటికి జూన్ వచ్చేసింది. మొత్తం 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు.

హోస్ట్: పేగులో పురుగు మెదడుకెలా పోయింది?

డాక్టర్: పోలేదు! ఓ104:హెచ్4 రకం ఈ.కోలై అనే ఆ బ్యాక్టీరియా పేగులోనే ఉంటుంది. అది వదిలే షిగా టాక్సిన్ అనే విషం రక్తంలో కలిసి సన్నటి రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తుంది. అక్కడ చిన్న చిన్న రక్తపు గడ్డలు కడతాయి. ప్లేట్‌లెట్లు వాటికే ఖర్చైపోతాయి, ఎర్రకణాలు చిట్లిపోతాయి, కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. దీన్ని హెచ్‌యూఎస్ అంటాం. మామూలుగా ఇది చిన్నపిల్లల్లో చూసే జబ్బు. అక్కడ 800 మందికి పైగా వస్తే, పదిమందిలో తొమ్మిదిమంది పెద్దవాళ్లే, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ.

హోస్ట్: మరి మెదడు లక్షణాలు?

డాక్టర్: హెచ్‌యూఎస్ వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి కనిపించాయి. మోసం ఎక్కడంటే, విరేచనాలు తగ్గాయి కదా అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే వేళకి ఇది మొదలవుతుంది. ఎదురుగా ఉన్న గడియారం పేరు నోటికి రాదు. అన్నమాటే మళ్లీ మళ్లీ అంటారు. అయోమయం, చేతులు ఉలిక్కిపడ్డట్టు అదరడం, ఫిట్స్. కొందరు కోమాలోకి వెళ్లారు. ఇంత జరుగుతున్నా కొందరికి ఎమ్మారైలో ఏమీ కనిపించలేదు. నాలాంటివాళ్లకి అదే పెద్ద టెన్షన్.

హోస్ట్: కోలుకున్నారా?

డాక్టర్: చాలామంది బాగానే కోలుకున్నారు. డయాలిసిస్, ప్లాస్మా మార్పిడి, ఫిట్స్ మందులు ఇచ్చారు. ఎకులిజుమాబ్ అనే ఖరీదైన మందు కూడా వాడారు గానీ, దానివల్లే తగ్గిందని గట్టిగా చెప్పలేం. ఒక్కటి గుర్తుంచుకోండి, విరేచనాల్లో రక్తం పడుతుంటే మెడికల్ షాపుకెళ్లి ఆపే మాత్ర తెచ్చుకోకండి. లోపలి విషం బయటికి పోకుండా ఉండిపోవచ్చు.

హోస్ట్: మేడమ్, షుగర్‌కి మంచిదని మా అమ్మ రోజూ మొలకెత్తిన మెంతులు పచ్చిగా తింటుంది. ఫ్రిజ్‌లో ఒక డబ్బా ఉంది.

డాక్టర్: కడిగినా బ్యాక్టీరియా పూర్తిగా పోదండీ, గింజ పగుళ్లలో దాక్కుంటుంది. దోసెల పిండిలో వేసి రుబ్బేయమనండి, పెనం మీద బాగా కాలుతుంది.