స్టూలు ఎవరు పట్టుకున్నారు?

వదిన: నమస్కారం. పోయిన వారం మాట ఇచ్చినట్లు ఈరోజు ఇంటి బీమా గురించి, ముఖ్యంగా మరమ్మతుల సమయంలో ఇంట్లోవాళ్లకే దెబ్బ తగిలితే ఆ బీమా ఎంతవరకు ఆదుకుంటుందో మాట్లాడుకుందాం. మరిదిగారు నిచ్చెన మాట ఎత్తకుండా ఉంటే అరగంటలో ముగించవచ్చు.

మరిది: నేనింకా నోరే తెరవలేదు వదినా. అయినా ఇంటికొక ఆరడుగుల అల్యూమినియం నిచ్చెన ఉంటే ఈ ఎపిసోడ్‌తోనే పని ఉండేది కాదు.

వదిన: మొదలైంది. మన బీమా కంపెనీలు 2021 ఏప్రిల్ నుంచి అందిస్తున్న భారత్ గృహ రక్ష పాలసీ ప్రధానంగా అగ్నిప్రమాదం, వరద, భూకంపం వంటి వాటివల్ల ఇంటికీ సామానుకూ జరిగే నష్టం కోసం ఉద్దేశించినది. అటక బాగుచేస్తూ మామగారు జారిపడితే దాని నుంచి చిల్లిగవ్వ రాదు.

మరిది: అంతేనా? ఐదు పేజీలు రాసుకొచ్చారు కదా!

వదిన: బీమా వరకు అంతే. అమెరికాలో ఇంటి పాలసీలో సాధారణంగా ఇతరుల గాయాలకు చెల్లించే భాగం కూడా ఉంటుంది కాబట్టి, అక్కడ బంధువు మీద దావా అంటే చాలాసార్లు అతని బీమా కంపెనీ మీద దావానే. 2015లో కనెటికట్‌లో అత్త వరసయ్యే ఒకావిడ, తన ఎనిమిదో పుట్టినరోజున మీదికి దూకి కౌగలించుకుని మణికట్టు విరగడానికి కారణమైన పిల్లవాడి మీద 1,27,000 డాలర్లకు వేసిన దావాను జ్యూరీ అరగంట కూడా తీసుకోకుండా కొట్టేసింది.

మరిది: పసివాణ్ని కోర్టుకు ఈడ్చడానికి ఆవిడకు మనసెలా ఒప్పింది?

వదిన: అక్కడ కంపెనీ పేరు నేరుగా దావాలో రాయడానికి వీల్లేదట, అందుకే పిల్లవాడి పేరు రాశారు. మన దగ్గర మాత్రం? ప్యాకేజీ పాలసీ, అంటే కారులో కూర్చున్నవాళ్లకూ వర్తించే బీమా, ఉన్న కారును బావమరిది నడుపుతుండగా పక్కన కూర్చున్న మన కాలు విరిగితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో అతణ్నే ప్రతివాదిగా చేర్చి, సంక్రాంతికి అతని పక్కనే కూర్చుని అరిసెలు తింటాం. సొమ్ము కట్టేది కంపెనీ కాబట్టి ఎవరికీ రోషం రాదు.

మరిది: కారు వేరు, ఇల్లు వేరు. సాయానికి వచ్చిన మనిషి మీద, సాయం అడిగిన మనిషి మీద కేసులేమిటి?

వదిన: చట్టం బంధుత్వం చూడదు. జాగ్రత్త వహించాల్సిన బాధ్యత ఉందా, అది తప్పారా, దానివల్లే దెబ్బ తగిలిందా అని చూస్తుంది. ఉచితంగా చేసిన సాయం వినియోగదారుల చట్టం కిందికి రాదు కాబట్టి సివిల్ కోర్టుకే వెళ్లాలి, అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి.

మరిది: తడి టైల్స్ మీద లుంగీ ఎగగట్టి ప్లాస్టిక్ స్టూలు ఎక్కినవాడి తప్పేమీ ఉండదా? అదే నిచ్చెన అయితే...

వదిన: ఉంటుంది, ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. అయితే స్టూలు పట్టుకుంటానని చెప్పి, ఫోను మోగగానే వరండాలోకి వెళ్లిందెవరని కూడా కోర్టు అడుగుతుంది.

మరిది: ఆ రోజు సంగతి ఇక్కడ ఎత్తవద్దని మనం అనుకున్నాం.

వదిన: నేను మా నాన్న పేరు ఎత్తలేదు.

మరిది: రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు వదినా. తిరిగి వచ్చేసరికి ఆయన నేలమీద కూర్చుని, తుంటి సంగతి వదిలేసి, ఊడిపోయిన కళ్లజోడు కాడను బిగించుకుంటున్నారు. ఆ వారమే కదా నేను నిచ్చెన కొన్నది.

వదిన: ఆపరేషన్‌కు డబ్బు కట్టింది మా అన్నయ్య. నీ మీద దావా వేస్తానని ఒక్క మాట అనలేదు, కానీ అప్పటినుంచి మన గడప తొక్కలేదు. దావా వేసి, సొమ్ము తీసుకుని, పండుగకు వచ్చి ఉంటే నాకు అదే మేలనిపించేది.

మరిది: ఇది కూడా ప్రసారం చేస్తారా?

వదిన: అమెరికాలోని డాలస్ నుంచి ఒక శ్రోత అడిగిన ప్రశ్న మిగిలింది. కొడుకు ఇంట్లో ఆరు నెలలు ఉండడానికి వెళ్లిన తండ్రి బేస్‌మెంట్ పనిలో చేయి వేసి పడిపోతే కొడుకు ఇంటి బీమా చెల్లిస్తుందా అని. ఆయన అతిథా, ఆ ఇంటి మనిషా అన్నదే మొదటి తగాదా అవుతుంది. అదే ఇంట్లో నివసించే బంధువు అయితే, ఇందాక చెప్పిన, ఇతరుల గాయాలకు చెల్లించే భాగం సాధారణంగా వర్తించదు. పాలసీలోని ఆ నిర్వచనాన్ని మీరు ముందే చదివి...

మరిది: మీ అన్నయ్యగారి నంబరు అదేనా, మార్చారా?

వదిన: అదే. ముందు ఆ మైకు ఆపు.