షుగర్ మందుల కాగితం రాసేటప్పుడు షుగర్ ఉన్నవాళ్ళని పిలిచారా?

"ఎంత చెప్పినా వీళ్ళకి అర్థం కాదండీ" అనే మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. క్లినిక్‌లలో విన్నాను, మందుల షాపుల్లో విన్నాను, అన్నిటికంటే ఎక్కువగా షుగర్ ఉన్న పెద్దవాళ్ళ సొంత పిల్లల నోటే విన్నాను. ఇవాళ్టి వీడియో అంతా ఈ మాట మీదే. షుగర్ అంటే ఏంటి, ఎందుకొస్తుంది అన్న జోలికి పోను, మీకు తెలుసు. మందు ఎలా వాడాలో చెప్పే కాగితం గురించి, ఆ కాగితం తయారుచేసేటప్పుడు షుగర్ ఉన్న మనిషి ఆ గదిలో ఉండాలా వద్దా అన్న దాని గురించి మాట్లాడుకుందాం.

(స్క్రీన్ మీద: మందుల షాపులో ఇచ్చే చిన్న కవరు. పెన్నుతో 1-0-1 (పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి), పక్కన బి.ఎఫ్. అని రాసి ఉంటుంది.)

ఇదిగో, దీన్ని కాస్త దగ్గరగా చూడండి. మన వైజాగ్‌లో జగదాంబ దగ్గరైనా, గాజువాకలోనైనా, పెందుర్తిలోనైనా ఇదే కవరు. పది మాత్రలు అడిగితే షీటు కత్తెరతో కత్తిరించి ఇందులో వేసి, పైన ఇలా రాసిస్తారు. మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే ఉండిపోతుంది. బి.ఎఫ్. అంటే బిఫోర్ ఫుడ్ అని రాసినాయనకి తెలుసు. కొంతమంది దాన్ని బ్రేక్‌ఫాస్ట్ అని చదువుకుంటారు, అది కూడా తప్పు చదవడం కాదు, ఆ రెండు అక్షరాలకి ఆ అర్థమూ వస్తుంది కదా.

ఇప్పుడు ఆ కవరులో గ్లిమెపిరైడ్ ఉన్న మాత్ర ఉందనుకుందాం. మెట్‌ఫార్మిన్ అనే ఇంకో షుగర్ మందుతో కలిపి ఒకే మాత్రగా మన దగ్గర బాగా రాసే మందే. ఇది క్లోమం నుంచి ఇన్సులిన్ బయటికి వచ్చేలా చేస్తుంది. మీరు తిన్నా తినకపోయినా తన పని తను చేసుకుపోతుంది, తినకపోతే షుగర్ మరీ పడిపోతుంది, అందుకే తినబోయే ముందు, లేదా తింటూ వేసుకోమంటారు.

కంచరపాలెంలో ఒక పెద్దావిడని ఊహించుకోండి. తెల్లారకుండానే లేస్తారు, స్నానం చేసి ఆరున్నరకి మాత్ర వేసేసుకుంటారు. తర్వాత పూజ, తర్వాత కుళాయి నీళ్ళు పట్టుకోవడం, తర్వాత మనవడికి క్యారేజీ కట్టడం, ఇవన్నీ అయ్యాక టిఫిన్‌కి కూర్చునేసరికి తొమ్మిదిన్నర. ఆవిడ కవరు మీద ఉన్నది తు.చ. తప్పకుండా పాటించారు. తినక ముందు అన్నారు, తినక ముందే వేసుకున్నారు. ఎంత ముందో ఎవరూ రాయలేదు. ఎనిమిదిన్నరకి చేతులు వణుకుతాయి, గుండె దడగా ఉంటుంది, ఒళ్ళంతా చెమట పడుతుంది. వైజాగ్ ఉక్కలో చెమట పడితే షుగర్ పడిపోయిందని ఎవరనుకుంటారు చెప్పండి? ఫ్యాను కింద కూర్చుంటారు, అంతే.

ఈ పెద్దావిడని గుర్తుపెట్టుకోండి, ఈ వీడియో అయ్యేదాకా మనతోనే ఉంటారు.

ఆవిడ చదవలేక కాదు ఇలా జరిగింది. చదవడం వేరు, చదివినదాన్ని చెయ్యడం వేరు. 2006లో అమెరికాలో 395 మందితో ఒక అధ్యయనం చేశారు. మందు సీసా మీద ఉండే సూచన చూపించారు: రోజుకి రెండుసార్లు, రెండేసి మాత్రలు. చదవడం అంతగా రానివాళ్ళలో కూడా 100కి 71 మంది ఆ వాక్యాన్ని సరిగ్గానే చెప్పారు. సరే, రోజుకి ఎన్ని మాత్రలో లెక్కపెట్టి చూపించండి అన్నారు. నాలుగు చూపించినవాళ్ళు 100కి 35 మందే! వాక్యం నోటికి వచ్చినవాళ్ళలో సగం మంది చేతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. "అర్థమైందా అమ్మా?" అని మనం అడిగితే ఆవిడ "ఆఁ, అర్థమైంది బాబూ" అంటారు, నిజంగా అర్థమైందనే అనుకుంటారు కూడా. ఆ ప్రశ్న వల్ల మనకి ఏమీ తెలియదు. అందుకే డాక్టర్లయినా, షాపువాళ్ళయినా "రేపు పొద్దున్న ఎప్పుడు వేసుకుంటారో ఒకసారి చెప్పండి" అని అడిగితే చాలా విషయం బయటపడుతుంది.

మందుతో పాటు వచ్చే కాగితం ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, పెట్టెలో ఉంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. షుగర్ ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే కంటి వెనక పొర దెబ్బతింటుందని మనందరికీ తెలుసు, అలాంటి జబ్బు ఉన్నవాళ్ళకి అంత సన్న అక్షరాలు ఎలా ఇస్తారో నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడదు. పైగా షీటు కత్తిరించి ఇచ్చాక పెట్టె ఎక్కడిది, కాగితం ఎక్కడిది? 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, మంచిదే, నకిలీ మందుల్ని పట్టుకోడానికి పనికొస్తుంది. అందులో పెట్టమన్న వివరాలు మందు పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, లైసెన్సు నంబరు, ఇలాంటివి. టిఫిన్ లేటైతే ఏం చెయ్యాలో అక్కడ పెట్టమని ఎవరూ అడగలేదు. మన పరవాడ ఫార్మా సిటీలో మందులు తయారవుతాయి, ఆ చుట్టుపక్కల ఊళ్ళ మనుషులే అక్కడ పనిచేస్తారు, వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ మందు ఎలా వేసుకోవాలో తెలుగులో ఒక కాగితం ఇవ్వడం కుదరదంటే నేను నమ్మను.

దీనికి దారి ఎప్పుడో వేశారు. యూరప్‌లో 2005 నుంచి ఒక నియమం ఉంది. మందు కాగితాన్ని, ఆ మందు వాడేవాళ్ళ లాంటి మనుషులకి చూపించి పరీక్షించాకే అనుమతికి తీసుకురావాలి. ఆస్ట్రేలియాలో పుట్టిన పద్ధతి ఇది. మామూలుగా 20 మందిని పిలుస్తారు, పదేసి మందిగా రెండు విడతలు. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని కాగితం చేతికిస్తారు. "బాగుందా?" అని అడగరు. మీరు ఈ మాత్ర వేసుకున్నారు, తినడం ఆలస్యమైంది, ఏం చెయ్యాలో ఈ కాగితంలో ఎక్కడుంది, మీ మాటల్లో చెప్పండి అంటారు. రెండు సంగతులు చూస్తారు: ఆ చోటు దొరికిందా, దొరికాక అర్థమైందా. ప్రతి ప్రశ్నకీ 20 మందిలో కనీసం 16 మంది సరిగ్గా చెప్పాలి. లేకపోతే కాగితం తప్పినట్టు, మనిషి తప్పినట్టు కాదు, మళ్ళీ రాసుకురావాలి. ఈ ఒక్క ముక్క కోసమే నాకు ఆ పద్ధతి అంటే గౌరవం.

కానీ నా అభిప్రాయం అడిగితే అది కూడా ఆలస్యమే. అప్పటికి కాగితం రాసేసి ఉంటారు. ఏం రాయాలి, ఏది ముందు రావాలి అన్నది కంపెనీ వాళ్ళు తేల్చేశాక మనల్ని పిలిచి ఈ వాక్యం దొరికిందా అంటారు. మన పెద్దావిడ సమస్య వాక్యం దొరక్కపోవడం కాదు, ఆవిడ పొద్దున ఎలా గడుస్తుందో రాసేవాళ్ళకి తెలియకపోవడం. అందుకే రాయకముందే కూర్చోబెట్టాలి అంటున్నాను.

అలా చేస్తే ఏమవుతుందో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చూశాను. షుగర్ ఉన్న కొంతమందిని, తెలిసినవాళ్ళని, వాళ్ళకి తెలిసినవాళ్ళని పిలిచాం, ఒక ఫార్మసిస్ట్ కూడా వచ్చారు. తెలుగులో ముందే ఉన్న ఒక కాగితం ఇచ్చాం. పొద్దున అనే చోట సూర్యుడి బొమ్మ, రాత్రి అనే చోట అర్ధచంద్రుడి బొమ్మ. ఎంత తేలిగ్గా ఉందో అనుకున్నాం అందరం. ఒక పెద్దాయన అర్ధచంద్రుడి మీద వేలు పెట్టి, "రాత్రికి సగం మాత్రేనా?" అన్నారు. గుండ్రంగా ఉన్నది పూర్తి మాత్ర, సగం ఉన్నది సగం మాత్ర, ఆయన చదివింది అలా. ఆయన పక్కనే కూర్చున్న స్టీల్ ప్లాంట్ ఆయన, నైట్ షిఫ్ట్ చేసొచ్చి సూర్యుడు ఉన్నంతసేపూ పడుకుంటాను, నాకు ఏ బొమ్మ వర్తిస్తుంది అని అడిగారు. మేం ఆ గదిలో ఎంతసేపు తలలు పట్టుకుని కూర్చున్నా మాకు తట్టని ప్రశ్నలు అవి.

అప్పుడు ఆ కాగితం పక్కన పెట్టేసి, గోడకి ఒక పెద్ద చార్టు అంటించి అడ్డంగా గీత గీశాం. ఎప్పుడు లేస్తారు, టీ ఎప్పుడు, మాత్ర ఎప్పుడు, మొదటి ముద్ద నోట్లోకి ఎప్పుడు వెళ్తుంది, ఎవరి గీత మీద వాళ్ళు చుక్కలు పెట్టుకున్నారు. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని అమ్మే ఒకావిడ గీతలో మాత్రకీ ముద్దకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఆవిడ ఆ ఖాళీని చూసి, "ఏటమ్మా ఇది, నాను మింగీసి ఇంతసేపు ఊరికే తిరిగేత్తన్నానా?" అన్నారు. ఎవరూ ఆవిడకి పాఠం చెప్పలేదు. తన గీత తనే చూసుకుని తెలుసుకున్నారు.

కాగితం మీద వాక్యం కూడా ఆవిడే చెప్పారు: "ప్లేటు ముందుకొచ్చాక మాత్ర వేసుకోవాలి." ఎన్ని నిమిషాల ముందు, ఎన్ని గంటలకి అన్న లెక్కే లేదు. నైట్ షిఫ్ట్ ఆయనకీ సరిపోతుంది, కంచరపాలెం పెద్దావిడకీ సరిపోతుంది, పూజ అయ్యాక, క్యారేజీ కట్టాక, ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని మాత్ర. ఫార్మసిస్ట్ గారు అది విని, ఈ గ్లిమెపిరైడ్ మాత్రకి ఖాయం చేద్దాం అన్నారు, కానీ అన్నిటికీ రాయకండి అన్నారు. రోజుకి ఒకసారి రాత్రి తీసుకునే నిదానంగా పనిచేసే ఇన్సులిన్ ఉందనుకోండి, ప్లేటు రాలేదు కదా అని అది మానేస్తే షుగర్ పెరిగిపోతుంది. కాబట్టి ఒక్కో మందుకి ఒక్కో వాక్యం. "పేషెంట్లు రాస్తే తప్పులు రావా?" అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇక్కడే ఉంది, నిజమా కాదా చూసేది తెలిసినవాళ్ళే, పనికొస్తుందా లేదా చూసేది వాడేవాళ్ళు, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఉండాలి.

మరి ప్లేటే రాని రోజు? ఈ ప్రశ్న కూడా వాళ్ళదే. కార్తీక సోమవారం ఉపవాసం, రంజాన్ రోజా, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్ల నడక, షుగర్ ఉన్నవాళ్ళు ఎంతమంది నడుస్తారో మీకు తెలుసు. వెళ్ళొద్దని కాగితంలో రాస్తే ఆ కాగితం ఎవరూ ఇంకోసారి చూడరు. ఉపవాసానికి, నడకకి కొన్ని రోజుల ముందే డాక్టర్‌ని కలిసి ఆ రోజు ఏ మాత్ర, ఎంత అన్నది రాయించుకోండి, దారిలో చక్కెరో గ్లూకోజో జేబులో ఉంచుకోండి అని రాశాం. అది ఇప్పుడు కాగితంలో రెండో పేరా. మేమే రాసుంటే అసలు ఉండేదే కాదు.

ఎవర్ని పిలవాలి అన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. మీటింగ్ పెడితే ముందు వచ్చేది ఇంగ్లీషు చదవగలిగే రిటైర్డ్ ఉద్యోగులు. వాళ్ళూ కావాలి, కానీ వాళ్ళతోనే ఆగిపోతే మళ్ళీ అదే కాగితం వస్తుంది. చూపు తగ్గినవాళ్ళు, వేళ్ళు తిమ్మిరెక్కి షీటులోంచి మాత్ర తియ్యలేనివాళ్ళు, చదవడం రాక కోడలి చేత చదివించుకునేవాళ్ళు, ఆ కోడలు కూడా, వీళ్ళు కావాలి. హార్బర్‌లో చేపలమ్మే మనిషి మన కోసం పూట పోగొట్టుకుంటే ఆ పూట కూలి ఇవ్వాలి. ఫ్రీగా సలహా అడిగి, చివర్లో టీ ఇచ్చి పంపడం నాకు నచ్చదు. దేశంలో 2021 నాటికే పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం అంచనా వేసింది, అంతమందికి ఇచ్చే కాగితం కోసం నాలుగు కూలి డబ్బులు లేవంటే ఎలా?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

(స్క్రీన్ మీద: ఎర్ర మూత సిరంజి, నారింజ మూత సిరంజి పక్కపక్కన.)

ఇన్సులిన్. మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, పెన్నులు 100వి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూత 100కి. 40 సీసాకి నారింజ మూత సిరంజి వాడితే మీకు కావాల్సిన దాంట్లో సగం కూడా వెళ్ళదు, తిరగేస్తే, అంటే 100 దానికి ఎర్ర మూత సిరంజి వాడితే, రెండున్నర రెట్లు వెళ్తుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. ఇది కాగితంలో మాటల్లో రాస్తే ఎవరికీ ఎక్కలేదు, రెండు మూతలకీ రంగు వేసి బొమ్మ పెడితే ఎక్కింది.

బ్రాండ్ మారడం. షాపులో వేరే కంపెనీది ఇస్తే, పాతదీ కొత్తదీ రెండూ వేసుకునేవాళ్ళున్నారు, లోపల మందు ఒకటే అని తెలియక. అందుకే అసలు మందు పేరు తెలుగులో పెద్దగా రాయాలి. షాపులో మందు పేరున్న ముక్క కూడా అడిగి తీసుకోండి.

షుగర్ పడిపోతే. 70 కంటే తక్కువైనా, షుగర్ చూసుకునే మిషన్ లేకపోయినా పైన చెప్పిన వణుకు, దడ, చెమట ఉన్నా, మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగండి, 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోండి, షుగర్ ఇంకా 70 కంటే తక్కువే ఉన్నా, ఆ వణుకు, దడ, చెమట తగ్గకపోయినా మళ్ళీ తాగండి, కుదుటపడ్డాక ఏదైనా తినండి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. కాగితంలో హైపోగ్లైసీమియా అని రాస్తే ఎవరూ ఆగలేదు, షుగర్ డౌన్ అని రాస్తే అందరూ అక్కడ ఆగారు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మందుల సంగతి వేరే వీడియో చెయ్యాలి, రెండు నిమిషాల్లో చెప్పేది కాదు. అప్పటిదాకా మీ డాక్టర్‌ని అడగకుండా ఇన్సులిన్ మాత్రం పూర్తిగా మానెయ్యకండి.

మీ ఇంట్లో మందుల కవరు మీద ఏం రాసుందో ఫోటో తీసి పంపండి, పేరూ ఫోన్ నంబరూ కనిపించకుండా. ఆ మందు వేసుకునేవాళ్ళకి ఆ రాత చూపించి, దాని అర్థం ఏంటని అడిగి, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే కింద రాయండి, మీరు దిద్దొద్దు. తర్వాతి కాగితం వాటిలోంచే మొదలుపెడతాం.