వాగ్గేయకారుణ్ణి ఏమడగాలి?

సభాధ్యక్షులకూ, వేదిక మీది పెద్దలకూ, ఈ ఎండలో ఇంత దూరం వచ్చిన సంగీత విద్యార్థులకూ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు నాకు చాలా బిరుదులు తగిలించారు; వాటిని వద్దంటూ కూర్చుంటే నాకిచ్చిన అరగంటా వాటికే సరిపోతుంది కనుక నేరుగా విషయంలోకి వస్తాను. ఆహ్వాన పత్రికలో నా అంశం 'నేటి వాగ్గేయకారులు', అంటే మాటా పాటా రెండూ తామే కట్టేవారు, అని అచ్చయింది. పేర్ల జాబితా చదవడానికి నేను రాలేదు. మన మధ్య బతికుండి, మన భాషలో కృతులు కడుతున్నవారితో మనం మాట్లాడే తీరు గురించి చాలాకాలంగా ఉన్న బాధ చెప్పుకోవడానికి వచ్చాను.

ముందుగా ఒక పాత ముచ్చట. కృతులను స్వరలిపితో ఇచ్చిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథం పేరు ఇక్కడ వినని విద్యార్థి ఉండరు. అది 1904లో తమిళదేశంలోని ఎట్టయపురంలో, తెలుగు లిపిలో అచ్చయింది. రాసిన సుబ్బరామ దీక్షితులు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రులు, దత్తపుత్రులు, స్వయంగా వాగ్గేయకారులు. ఆ గ్రంథం వెనుక చిన్నస్వామి మొదలియారు అనే ఉద్యోగి పట్టుదల ఉందని మనం తరచుగా మరిచిపోతాం. ఆయన మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయడానికి పూనుకొని, పెద్దల దగ్గర కూర్చొని వింటూ, అడుగుతూ, రాసుకుంటూ పోయి, చివరికి చూపు మందగించి ఇక తనవల్ల కాదనుకున్నప్పుడు, దీక్షితుల దగ్గరున్నదంతా అచ్చులోకి రావాలని 1899లో ఎట్టయపురం రాజావారి దగ్గర మొరపెట్టుకున్నారు. అడిగేవాడు అంత గట్టివాడు గనుక గమక చిహ్నాలతో, అంటే స్వరాన్ని ఊపే తీరు చూపే గుర్తులతో, సహా ఆ విద్య నేడు మన బల్ల మీద ఉంది. గట్టిగా అడగడమంటే ఏమిటో నేను దీని నుంచే నేర్చుకున్నాను.

ఇప్పుడు మన కాలానికి రండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 2016 దాకా మన మధ్య ఉన్నారు. శంకరగుప్తంలో పుట్టడం, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యరికం, ఎనిమిదో ఏట విజయవాడలో తొలి కచేరీ మనందరికీ కంఠతా వచ్చు. ఆయన మూల రాగాలైన 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టారు. మహతి రాగంలో స, గ, ప, ని అని నాలుగే స్వరాలు పెట్టారు. నాలుగు స్వరాలతో రాగం నిలుస్తుందా, రాగాన్ని ఒక మనిషి సృష్టించానని చెప్పుకోవచ్చా అని వీణ బాలచందర్‌గారు నిలదీసినప్పుడు కాగితాల నిండా వాదాలు నడిచాయి. అయితే రిషభం, మధ్యమం, ధైవతం లేని చోట రాగ సంచారం ఎలా సాగించారు, ఏ ప్రయోగం ముందు తట్టింది, ఏది రాసి కొట్టేశారు అని పనిలోకి దిగి అడిగిన సంభాషణలు నాకు అరుదుగా కనిపించాయి. బిరుదులు, సినిమా పాటలు, వివాదాలు మాత్రం ప్రతి చోటా ఉన్నాయి.

ఇది ఒకరి తప్పని నేననడం లేదు. కానీ నా కళ్ళముందు జరిగినది చెప్పకుండా ఉండలేను. అధ్యక్షులు కాస్త ఓపిక పట్టాలి. నేను ప్రసార ఉద్యోగంలో ఉన్న రోజుల్లో గోదావరి పక్క ఊళ్ళో తెలుగు పండితుడిగా పనిచేసి విరమించిన ఒక పెద్దాయన దగ్గరికి రికార్డు చేయడానికి వెళ్ళాను. ఆయన కృతులు ఆ జిల్లా దాటి పెద్దగా వెళ్ళలేదు. బడి హాజరు పట్టీల్లో మిగిలిపోయిన కాగితాలు కుట్టుకొని, వాటిలో నీలం సిరాతో స్వరం, కింద పెన్సిలుతో సాహిత్యం రాసుకునేవారు. సాహిత్యం పెన్సిలుతో ఎందుకండీ అంటే, "మాతువు మారుతుంది బాబూ, ధాతువు ఒకసారి కుదిరితే కదలదు" అన్నారు. మాతువంటే సాహిత్యం, ధాతువంటే దాని స్వరం. ఆ వెంటనే తన మాట తానే కాదన్నట్లు, రీతిగౌళ రాగంలో కట్టిన ఒక కృతి చరణం చూపించారు. మొదటి పాఠంలో 'నీరజనయన' అన్న పదం తాళంలో లఘువనే భాగం ముగిసే చోట 'నీర' దగ్గర విరిగి, 'జనయన' తరవాతి భాగమైన ద్రుతంలోకి జారిపోయేది. పాడే పిల్ల ప్రతిసారీ అక్కడే ఊపిరి తీసుకోవడం విని ఆయనకు మనసొప్పలేదట. పదాన్ని ముట్టుకోకుండా, ముందున్న కార్వైని, అంటే స్వరం సాగదీతను, తగ్గించి, పదమంతా లఘువులోనే ఇమిడేలా మార్చారు. రెండు పాఠాలనూ తొడ మీద తాళం వేస్తూ పాడి వినిపించారు. రెండోసారి ఆ పదం దగ్గర ఆయనే తలూపారు. వాగ్గేయకారుడి పని ఎదుట జరగడం నేను చూసింది అప్పుడే.

ప్రసారమైనదేమిటో తెలుసా? గురువుల పేర్లు, సన్మానాలు, 'నేటి యువతకు మీ సందేశం'. ఆ చరణం భాగం శ్రోతలకు విసుగని పైవారు కత్తిరించారు. వద్దని నేను రాసిన కాగితం ఫైలులోనే ఉండిపోయింది. తరవాత ఆ టేపు మీద ఇంకేదో కార్యక్రమం రికార్డు చేశారు. పెద్దాయన పోయారు. ఇప్పుడు ఆయన శిష్యుల్లో కొందరు పాత పాఠం, కొందరు కొత్త పాఠం పాడుతూ, మాదే గురువుగారి పాఠమంటే మాదేనని రెండు వర్గాలుగా ఒకరి కచేరీకి ఒకరు వెళ్ళడం మానేశారు. వాళ్ళ తగవు తీర్చగల నాలుగు నిమిషాలు ఆ టేపులో ఉండేవి. ఏ పాఠాంతరం ఎందుకు పుట్టిందో పుట్టించినవారే చెప్పగలరు. త్యాగయ్యగారి విషయంలో ఆ అవకాశం 1847తోనే పోయింది. అందుకే ఆయన వాలాజాపేట శిష్యుల రాతల చుట్టూ ఇంకా వాదించుకుంటున్నాం. మన కళ్ళముందున్నవారి విషయంలోనూ అదే చేస్తామా?

పరదేశంలో ఒకావిడ ఏం చేశారో చెబుతాను. అమెరికాలో చార్లెస్ ఐవ్స్ అనే స్వరకర్త బీమా వ్యాపారం చేస్తూ సంగీతం రాసి 1954లో పోయారు. పద్నాలుగేళ్ళ తరవాత యేల్ విశ్వవిద్యాలయ సంగీత గ్రంథాలయంలో పనిచేసే వివియన్ పెర్లిస్, ఆయన వ్యాపార భాగస్వామి జూలియన్ మైరిక్ దగ్గరికి టేప్ రికార్డరు పట్టుకొని వెళ్ళారు. ఆ తరవాత ఐవ్స్‌ను ఎరిగినవారి దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ తిరిగారు. పోయినవారి గురించి ఇతరులను అడిగి తిరిగే ఆ పని, బతికున్న స్వరకర్తలనే అడిగే పనిగా పెరిగింది. ఏరన్ కోప్లండ్ వంటివారు ఆవిడ ముందు కూర్చొని తమ పని గురించి మాట్లాడారు. మొదలుపెట్టేనాటికి ఆవిడ చేతిలో ఉన్నది ఒక యంత్రం, కొన్ని ప్రశ్నలు, అంతే. అంతకన్నా మంచి యంత్రం ఇప్పుడు మీ అందరి జేబుల్లోనూ ఉంది.

కాబట్టి విద్యార్థులారా, కృతి కట్టినవారు ఎదురైతే జీవిత విశేషాలు తరవాత అడగండి. అవి అక్కర్లేదని కాదు. పండితుడి ఉద్యోగం లేకపోతే హాజరు పట్టీ కాగితాలు లేవు కదా. ముందు నోట్‌బుక్ చూపించమనండి. కొట్టేసిన వరస పాడమనండి. కృతికి జోడించి పాడే స్వరాల వరస, అదే చిట్టస్వరం, వారిదేనా, శిష్యులు చేర్చినదా అడగండి. తప్పుపాడితే టేపు ఆపకండి.

ఇంకా చెప్పాలని రాసుకున్నది రెండు పేజీలుంది గానీ దాన్ని పక్కన పెడుతున్నాను. సాయంత్రం మన పిల్లలు పాడబోయే తిల్లానా కట్టినవారు మూడో వరుసలో కూర్చున్నారు. అయ్యా, ఆ తిల్లానాలో జతులు, అంటే తాళానికి పలికే పలుకులు, ముందు కట్టారా, చరణం ముందు రాశారా? చివరి తీర్మానం, అదే ముగింపు వరస, ముందు నుంచీ అలాగే ఉందా? అధ్యక్షులు ఒప్పుకుంటే నాకు మిగిలిన సమయం వారికే ఇస్తున్నాను. మైకు అక్కడికి పంపండి. ముందు వరుసలో ఉన్న అమ్మాయీ, నీ ఫోనులో రికార్డు పెట్టమ్మా.