పడిపోయిన చెట్టు, పట్టు వదలని చెయ్యి

(శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, సోంపేట దగ్గర ఒక గ్రామ క్రైస్తవ సంఘంలో, తిత్లీ తుఫాను వచ్చిన తేదీనే, కొన్నేళ్ళ తర్వాత జరిగిన సాయంకాల ప్రార్థన కూటంలో చేసిన ప్రసంగం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. పాస్టరు గారికి, సంఘ పెద్దలకి, తోట పని ముగించుకుని పొద్దుగూకే వేళకి వచ్చిన అక్కచెల్లెళ్ళకి, అన్నదమ్ములకి నా నమస్కారం. మన సంఘం కాకపోయినా పిలవగానే వచ్చి అరుగు మీద కూర్చున్న ఊరి పెద్దలకి కూడా. తుఫాను ఆ రాత్రి ఎవరిది ఏ గుడి అని అడగలేదు కాబట్టి ఈ మాటలు అందరికీ చెందుతాయి.

నేను పాస్టరుని కాను. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారిని, కొద్దిపాటి కొబ్బరి తోట ఉన్నవాణ్ణి. వాక్యం చెప్పమని పాస్టరు గారు అడిగినప్పుడు వారం రోజులు వెనకాడాను. ఎందుకంటే ఇవాళ నేను చెప్పబోయేది నా ఇంటి తగువు. అది చెప్పకుండా వాక్యం చెబితే అబద్ధం చెప్పినట్టే అవుతుంది.

2018 అక్టోబరు 11, గురువారం. తెల్లవారకముందే తిత్లీ మన తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు పైగా గాలి. అంతకుముందు 2013లో పైలీన్‌ని చూశాం, 2014లో హుద్‌హుద్‌ని చూశాం. మూడూ అక్టోబరులోనే వచ్చాయి. అందుకే అక్టోబరు వస్తే మన ఆడవాళ్ళు ఆకాశం వైపు చూస్తూ గిన్నెలు కడుగుతారు. కానీ తిత్లీ వేరు. కొబ్బరి చెట్టు మొదలంటా విరిగేటప్పుడు వచ్చే చప్పుడు మీలో చాలామంది చెవుల్లో ఇంకా ఉంది. ఒకటి విరిగితే ఉలిక్కిపడతాం. ఆ రాత్రి కాసేపటికి లెక్క తప్పిపోయింది.

తెల్లారాక తోటలోకి వెళ్ళాను. ఉద్దానంలో తోట మధ్య నిలబడితే ఆకాశం ఎప్పుడూ మట్టల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనిపించేది. ఆ రోజు మొత్తం కనిపించింది. నాకు ఏడుపు తెప్పించింది పడిపోయిన చెట్లు కాదు, ఆ ఆకాశం.

కొబ్బరి చెట్టు ఇంటికి పెద్దకొడుకు అంటాం మనం. ఊరికే అనలేదు. కూతురి పెళ్ళి చేసింది అదే, కొడుకు ఫీజు కట్టింది అదే. మన నాయన నాటితే మనం తిన్నాం, మనం నాటితే మన పిల్లలు తింటారు. అలాంటి చెట్టు మీద ప్రేమ ఉండటం పాపమని నేను అనను. ఎవరైనా అంటే ఒప్పుకోను కూడా. నేను మాట్లాడాలనుకునేది ఆ ప్రేమలో చల్లగా దూరి కూర్చునే ఇంకో దాని గురించి.

మా తోటకీ మా తమ్ముడి తోటకీ మధ్య ఒక గట్టు ఉంది. గట్టు మీద ఏడు చెట్లు. నాయన పోయాక అవి ఎవరివి అన్నది తేలలేదు. మొదట మాటామాటా అనుకున్నాం. తర్వాత పెద్దమనుషుల్లో పెట్టాం, సర్వేయరుని పిలిచాం, కోర్టుకెళ్ళాం. తొమ్మిదేళ్ళు ఒకే గుళ్ళో, ఆ పక్క వరసలో వాడు, ఈ పక్క వరసలో నేను. ప్రభువు నేర్పిన ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అని ఇద్దరం గొంతెత్తి చెప్పేవాళ్ళం. ఇంటికెళ్ళాక ఎవరి గెలలు ఎవరు కోశారో చూసుకునేవాళ్ళం.

తిత్లీ ఆ ఏడు చెట్లనూ పడగొట్టింది. ఒక్కటీ మిగల్లేదు.

ఇక తగువు అయిపోయింది అనుకుంటారు మీరు. అవ్వలేదు. పడిపోయిన చెట్లకి పరిహారం కోసం లెక్క రాయడానికి మనుషులు వచ్చారు. ఆ ఏడు చెట్లూ నా పేరున రాయమని నేను, తన పేరున రాయమని తమ్ముడు. బురదలో, అడ్డంగా పడి ఉన్న మానుల మధ్య నిలబడి అరుచుకున్నాం. మా అమ్మ కర్ర పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. అప్పటికి ఆమెకి ఎనభై దాటాయి. మమ్మల్నిద్దర్నీ చూసి ఒక్కటే అంది: "పడిపోయిన సెట్టుకి కూడా కొట్టుకుంటారేట్రా?"

ఆ మాట చెప్పి ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉండిపోయాను. ఆ రోజు నాకు అర్థమైంది ఇది: గాలి చెట్లను తీసుకుపోగలిగింది గానీ "నాది" అనే మాటను తీసుకుపోలేకపోయింది. చెట్టు మొదలంటా లేచిపోయినా ఆ వేరు నా లోపల అలాగే ఉంది. పోగొట్టుకోవడం వేరు, అప్పగించడం వేరు. తుఫాను వల్ల, అప్పుల వల్ల, జబ్బు వల్ల మనం చాలా పోగొట్టుకుంటాం. పోగొట్టుకున్నంత మాత్రాన ఎవరూ స్వేచ్ఛ పొందరు. సర్వం పోయినా పిడికిలి బిగించుకునే ఉన్నవాళ్ళను నేను చూశాను, వాళ్ళలో నేనే మొదటివాణ్ణి.

యేసు ప్రభువు యోహాను 10వ అధ్యాయంలో ఒక మాట అన్నాడు. "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను." బయటనుంచి చూసినవాళ్ళకి ఏం కనిపించింది? బంధించారు, కొట్టారు, మేకులు కొట్టారు, ప్రాణం తీశారు. ఆయన మాత్రం "ఎవరూ తీసుకోలేదు, నేనే ఇచ్చాను" అంటున్నాడు. సిలువ మీద ఆఖరి మాట కూడా అదే: "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను." అప్పగించడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే అక్కడికే వెళ్ళాలి నేను. ఇంకే చోటా నాకది దొరకలేదు.

అయితే ఆ అప్పగింత ఆయనకి తేలిగ్గా వచ్చిందా? గెత్సేమనే తోటలో మోకాళ్ళ మీద పడ్డాడు. చెమట రక్తబిందువుల్లా నేల మీద పడిందని లూకా రాశాడు. ఈ శ్రమల గిన్నె తొలగించమని తండ్రిని అడిగాడు. అడిగాక, నా ఇష్టం కాదు, నీ చిత్తమే అన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు వెళ్ళి అదే మాట చెప్పి ప్రార్థన చేశాడని మత్తయి చెబుతాడు. దేవుని కుమారుడికే మూడుసార్లు పట్టింది. "నిన్న ప్రార్థన చేశాను మాస్టారూ, ఇవాళ పొద్దున్నకి మళ్ళీ అదే టెన్షన్" అని మీలో కొందరు నాతో అన్నారు. సిగ్గుపడకండి. మళ్ళీ వెళ్ళండి. అదే మాట చెప్పండి.

లేవీయకాండం 25వ అధ్యాయం మనలాంటి రైతులు తప్పకుండా చదవాలి. "భూమిని శాశ్వత విక్రయము చేయకూడదు. ఆ భూమి నాదే, మీరు నాయొద్ద కాపురమున్న పరదేశులు" అంటాడు దేవుడు. మన భాషలో చెప్పాలంటే పట్టా ఆయన పేరున ఉంది, మనం కౌలుదారులం. కౌలుదారు పని చెయ్యడా? చేస్తాడు. ఎరువు వేస్తాడు, నీరు పెడతాడు, కాపు కాస్తాడు. పంట పోతే బాధపడతాడు కూడా. కానీ భూమి తనదని కోర్టుకి వెళ్ళడు. నేను తొమ్మిదేళ్ళు చేసింది అదే. ఆసామి ముందు నిలబడి, ఆయన భూమి కోసం, ఆయన ఇంకో కౌలుదారుతో కొట్లాడాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. విడిచిపెట్టడం అంటే వదిలేసి కూర్చోవడం కాదు. "అంతా దేవుడి చిత్తం" అని చేతులు ముడుచుకోవడాన్ని చాలామంది విశ్వాసం అనుకుంటారు. మన ప్రాంతంలో ఎన్ని ఇళ్ళలో కిడ్నీ జబ్బు ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. డయాలసిస్‌కి వెళ్ళే పెద్దాయన ఒకరు నాకు తెలుసు. మంచం మీద సూది గుచ్చి ఉన్న ఆ నాలుగు గంటలూ పక్క మంచాల వాళ్ళ పేర్లు అడిగి, ఒక్కొక్కరి కోసం మనసులో ప్రార్థన చేస్తాడు. "ఈ ఒళ్ళు ఆయనది మాస్టారూ, అందుకే జాగ్రత్తగా చూసుకుంటన్నాను" అన్నాడు నాతో. ఒక్క రోజు కూడా మానడు. మందులు మానేసి విశ్వాసం చూపించు అని ఎవరైనా మీ ఇంటికొచ్చి చెబితే ఆ మాట నమ్మకండి. అలాగే ఉన్నదంతా తెచ్చి బోధకుడి చేతిలో పెడితేనే సమర్పణ అని చెప్పినా నమ్మకండి. ధనవంతుడైన యువకుడితో యేసు నీకు కలిగినవి అమ్మి బీదలకిమ్మన్నాడు, నాకిమ్మనలేదు. అతను దుఃఖపడుతూ వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయేవాణ్ణి చూసి కాదు, ఆ మాట చెప్పకముందే ప్రభువు అతని వైపు చూసి ప్రేమించాడని మార్కు రాశాడు. ఆ ఒక్క ముక్క నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. విడిచిపెట్టమని అడిగింది ప్రేమించినవాడే.

పిల్లల విషయం. ఇక్కడున్న తల్లుల్లో చాలామంది కొడుకులు హైదరాబాదులోనో, చెన్నైలోనో, ఇంకా దూరం పోతే గల్ఫ్‌లోనో ఉన్నారు. గంగపుత్రుల పిల్లలు వేట కోసం గుజరాత్ వెరావల్ దాకా వెళ్తున్నారు. పిల్లల్ని దేవుడికి అప్పగించు అంటే, వాళ్ళ మీద ప్రేమ తగ్గించుకోమంటున్నారేమో అని భయపడతారు. బైబిల్లో హన్నా సంగతి చూడండి. ఏళ్ళ తరబడి ఏడ్చి అడిగి కన్న కొడుకు సమూయేలు. పాలు మాన్పించాక తీసుకెళ్ళి మందిరంలో అప్పగించింది. తర్వాత ఏం చేసింది? ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్ళేది. ఏడాదికి ఎంత పెరిగి ఉంటాడో ఇంట్లో కూర్చుని కొలత ఊహించుకుని కుట్టి ఉంటుంది ఆ తల్లి. అప్పగించాక ఆమె ప్రేమ తగ్గలేదు, భయం తగ్గింది. పలాస స్టేషన్లో కొబ్బరికాయలు, జీడిపప్పు, ఆవకాయ సీసా మూటగట్టి కొడుకు చేతిలో పెట్టే మన తల్లులకి హన్నా పరాయిది కాదు.

ఇక హబక్కూకు ప్రవక్త. మూడో అధ్యాయం చివర్లో చూడండి. అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్ష ఫలించకపోయినా, ఒలీవ చెట్లు కాపు లేకపోయినా, చేలో పైరు పంటకు రాకపోయినా, సాలలో పశువులు లేకపోయినా అంటూ ఒక్కొక్కటీ పేరుపేరునా చెబుతాడు. తిత్లీ తర్వాతి ఆదివారం, పెంకులు లేచిపోయిన ఈ గుళ్ళో పాస్టరు గారు అదే చదివారు. చదువుతూ ఉంటే నా మనసులో అవి మన చెట్లయిపోయాయి: కొబ్బరి గెల వెయ్యకపోయినా, జీడి పూత మాడిపోయినా, పనస కూలిపోయినా. ఇన్నీ లెక్కపెట్టాక "నేను యెహోవాయందు ఆనందించెదను" అంటాడు. ఆయన చెట్లు అక్కర్లేదు అనలేదు. ఏవేవి పోయాయో దాచకుండా చెప్పాడు. నేను ఆ రోజు ఆమెన్ అనలేకపోయాను. నిజం అది.

ఆ తర్వాత నాలుగు నెలలు, ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభురాత్రి భోజనం బల్ల దగ్గర చెయ్యి చాపలేకపోయాను. నీ సహోదరునికి నీమీద విరోధం ఉంటే అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్ళి సమాధానపడు అన్న వాక్యం ఎదురొచ్చి నిలబడేది. ఒకరోజు రాత్రి కరెంటు లేదు. ఆ గట్టు దగ్గరికి వెళ్ళి, ఎండిన మొద్దు మీద కూర్చున్నాను. పెద్ద ప్రార్థన ఏమీ చెయ్యలేదు. "ప్రభువా, ఈ గట్టు నీది. సర్వేయరు గొలుసు ఎటు లాగినా నీదే" అన్నాను. అంతే. తేలికపడ్డాను అని చెప్పాలని ఉంది, కానీ పడలేదు. తెల్లారి మళ్ళీ లోపల అదే లెక్క మొదలైంది. మళ్ళీ అదే మాట చెప్పాను. అలా ఎన్ని రోజులో నాకు గుర్తులేదు.

ఒక ఆదివారం గుడి అయ్యాక తమ్ముడి ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. మా మరదలు కుర్చీ వేసింది. వాడు లోపల్నుంచి వచ్చి, చాలాసేపు నా ముఖం చూసి, "టీ తాగుతావా అన్నియ్యా?" అన్నాడు. తొమ్మిదేళ్ళకి. ఆ టీ నేను తాగిన ప్రభురాత్రి భోజనాల్లో ఒకటి. తప్పుగా అన్నానేమో పాస్టరు గారు క్షమించాలి, నాకలాగే అనిపించింది.

కేసు రాజీ పడ్డాం. పరిహారం వాడి పేరునే రాయించాను. అమ్మ ఇంకో ఏడాదిన్నర బతికింది. చివరి రోజుల్లో ఇద్దరి ఇళ్ళకీ మధ్య నడుస్తూనే ఉండేది, గట్టు మీదుగా.

2019 వానాకాలంలో ఆ గట్టు మీద మళ్ళీ మొక్కలు పెట్టాం. ఏడు. గుంతలు వాడు తీశాడు, మొక్కలు నేను పట్టుకున్నాను. మళ్ళీ తుఫాను రాదా? వస్తుంది. మన తీరం సంగతి మనకి తెలుసు. అయినా పెట్టాం. ఎవరివి అని అనుకోలేదు. ఆసామి ఎవరో ఇద్దరికీ తెలుసు.

వాటిలో ఒకటి ఈ ఏడాది తొలి గెల వేసింది. ప్రథమ ఫలం కాబట్టి గుడికి తెచ్చాం, అదిగో, బల్ల పక్కన ఉంది. పొద్దున తమ్ముడు చెట్టెక్కి కోశాడు. సాయంత్రం ఇటు వస్తూ నేను భుజం మీద పెట్టుకున్నాను. దార్లో ఒకచోట దించి, ఎన్ని కాయలున్నాయో చూద్దామని చెయ్యి పెట్టాను. తమ్ముడు వెనకనుంచి వచ్చి గెల రెండో కొస పట్టుకున్నాడు. "పద అన్నియ్యా, గుడి టైమవుతోంది" అన్నాడు.